లాగిన వెన్ను లేచి నిలబడ్డాక

పొద్దున లేవగానే గోడకు ఆనుకుని నిలబడి, తలకు సరిగ్గా పైన పెన్సిలుతో ఒక గీత పెట్టించుకోండి. రాత్రి పడుకోబోయే ముందు అక్కడే మళ్లీ నిలబడి ఇంకో గీత పెట్టించుకోండి. రెండో గీత మొదటిదాని కంటే కిందికే పడుతుంది. పెద్దవాళ్లలో ఈ తేడా సుమారు ఒక సెంటీమీటరు, కొందరిలో ఇంకాస్త ఎక్కువ. తెల్లారేసరికి ఆ తగ్గిన ఎత్తు తిరిగొచ్చేస్తుంది. కాళ్ల ఎముకలు సాయంత్రానికి అరిగి, రాత్రికి రాత్రి పెరిగేవి కావు. మరి ఆ సెంటీమీటరు ఎక్కడికి పోతోంది? ఎక్కణ్నుంచి తిరిగొస్తోంది?

వెన్నుపూసల మధ్య ఉన్న డిస్కుల్లోకి చూస్తే జవాబు దొరుకుతుంది. నడుంనొప్పితోనో మెడనొప్పితోనో ఎమ్మారై తీయించుకున్న వాళ్లకు డిస్కు మాట కొత్త కాదు. 'ఎల్4-ఎల్5 దగ్గర డిస్కు బయటికొచ్చి నరాన్ని నొక్కుతోంది' అని డాక్టరు చెబుతారు. ఇంటికొచ్చాక చుట్టాల్లో ఎవరో ఒకరు 'ఆపరేషన్ జోలికి పోకండి, మా బావగారికి మెషీన్ మీద పడుకోబెట్టి లాగితే తగ్గిపోయింది' అంటారు. ఆ మెషీన్ మీద చేసేదే స్పైనల్ డికంప్రెషన్ చికిత్స. కత్తి పడకుండా వెన్నును నెమ్మదిగా సాగదీసి, డిస్కు మీద ఒత్తిడి తీసేస్తే, బయటికి ఉబికిన గుజ్జు దానంతటదే లోపలికి వెళ్లిపోతుందని ప్రకటనలు చెబుతాయి. 2020 నాటి అంచనా ప్రకారం ప్రపంచంలో 61.9 కోట్ల మంది నడుంనొప్పితో బాధపడుతున్నారు. అంతమందికి ఆశ చూపుతున్న ఈ మాటలో ఎంత నిలుస్తుందో తెలియాలంటే ముందు డిస్కు లోపలికి వెళ్లాలి.

పగలు పిండుకుపోయి, రాత్రి నానే డిస్కు

మెడ నుంచి నడుం దాకా కదిలే పూసలు 24. చివరి పూస కింద ఉన్నదాన్నీ కలుపుకుంటే డిస్కులు 23. మెడలో మొదటి రెండు పూసల నడుమ మాత్రం డిస్కు ఉండదు. వెన్ను పొడవులో దాదాపు పావు వంతు ఈ డిస్కులదే. ఒక్కో డిస్కుకు చుట్టూ గట్టి వలయం, మధ్యలో మెత్తని గుజ్జు. వలయంలో 15 నుంచి 25 దాకా పొరలుంటాయి. ఒక పొరలోని నార ఒకవైపు వాలి ఉంటే, పక్క పొరలోది ఎదురువైపు వాలి ఉంటుంది. అందుకే వంగినా, తిరిగినా వలయం తట్టుకోగలదు.

మధ్యలో గుజ్జు చేసే పని ఇంకా విచిత్రం. సబ్జా గింజల్ని నీళ్లలో వేస్తే చుట్టూ జిగురు కట్టి, నీటిని పట్టుకుని ఉబ్బుతాయి కదా, ఈ గుజ్జులోని పెద్ద పెద్ద అణువులు కూడా అలాగే నీటిని లాక్కుని పట్టుకుంటాయి. చిన్న వయసులో గుజ్జులో 80 శాతానికి పైగా నీరే. బరువు మీద పడితే ఆ నీరు కొద్దికొద్దిగా బయటికి పోతుంది, బరువు దిగితే మళ్లీ లోపలికొస్తుంది. మన సెంటీమీటరు రాకపోకలు ఇవే. పైగా పెద్దవాళ్లలో గుజ్జు దాకా వెళ్లే రక్తనాళాలు లేవు. తనకు కావలసిన పోషకాల్ని డిస్కు పైనా కిందా ఉన్న పూసల నుంచి ఊట రూపంలో అందుకుంటుంది. ఒకసారి దెబ్బతింటే తొందరగా మానకపోవడానికి పెద్ద కారణం ఇదే.

డిస్కు మీద పడే ఒత్తిడిని సూది గుచ్చి నేరుగా కొలిచినవారున్నారు. స్వీడన్‌కు చెందిన ఆల్ఫ్ నాచెమ్‌సన్ 1960ల్లో ఈ దారి తెరిచారు. 1999లో జర్మనీలోని ఉల్మ్ పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న ఒక వ్యక్తి నడుం డిస్కులో సెన్సర్ పెట్టి, రోజంతా కొలిచారు. పడుకున్నప్పుడు చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో. నిలబడితే ఐదు కిలోలు. నడుం వంచి 20 కిలోల బరువు ఎత్తితే ఏకంగా 23 కిలోలు. రాత్రి నిద్రలో, అతను ఏ బరువూ మోయకపోయినా, ఒత్తిడి ఒకటి నుంచి దాదాపు రెండున్నర కిలోలకు పెరిగింది. డిస్కు నీరు తాగి ఉబ్బుతోందన్నమాట. పొద్దున్నే లేవగానే వంగి బిందె ఎత్తొద్దని ఫిజియోథెరపిస్టులు చెప్పేది అందుకే. ఆ వేళకు డిస్కు నిండుగా, బిగువుగా ఉంటుంది.

నొక్కుడు ఒక్కటే కాదు

వయసుతోపాటు గుజ్జు నీటిని పట్టుకునే శక్తి తగ్గుతుంది, వలయంలో చిన్న చిన్న చీలికలు వస్తాయి. ఒక్కోసారి ఆ చీలికలోంచి గుజ్జు వెనక్కి తోసుకొచ్చి నరం మొదలును తాకుతుంది. తుంటి నుంచి పిక్క మీదుగా పాదం దాకా మెరుపులా కాలు లాగేసే సయాటికాకు ఇదే ముఖ్య కారణమని 1934లో అమెరికాలోని బోస్టన్ డాక్టర్లు మిక్స్‌టర్, బార్ రాసిన వ్యాసంతో ప్రపంచానికి తెలిసింది. నడుం భాగంలో ఇలా జరిగేవాటిలో నూటికి తొంభైకి పైగా కింది రెండు డిస్కుల్లోనే.

నరాన్ని ఏదో నొక్కుతోంది, దాన్ని పక్కకు తప్పిస్తే సరి అని మనకు వెంటనే తోస్తుంది. కథ అంత సూటిగా లేదు. 1993లో స్వీడన్ పరిశోధకులు పందుల మీద చేసిన ప్రయోగంలో నరాన్ని నొక్కకుండా, దాని మీద డిస్కు గుజ్జును ఊరికే ఆనించారు. అంతమాత్రానికే నరం దెబ్బతింది. గుజ్జులోంచి వచ్చే రసాయనాలు వాపు పుట్టిస్తాయి, వాచిన నరం చిన్న తాకిడికే భగ్గుమంటుంది. ఖాళీ జాగా పెంచినంత మాత్రాన ఆ వాపు పోదు.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఏ నొప్పీ లేనివాళ్లకు స్కానింగులు తీసి చూసిన అధ్యయనాలన్నిటినీ 2015లో ఒకచోట కూర్చి లెక్క కట్టారు. ఇరవై ఏళ్ల వాళ్లలో 30 శాతం మందికి, ఎనభై ఏళ్ల వాళ్లలో 84 శాతం మందికి డిస్కు ఉబ్బు కనిపించింది. వాళ్లకు నొప్పి లేదు! కాబట్టి రిపోర్టులో 'బల్జ్' అని కనిపించగానే మన నొప్పికి అదే కారణమని తేల్చేయలేం. రోగి చెప్పే నొప్పి దారి, కాలి బలం, స్పర్శ, ఇవన్నీ ఆ ఫొటోతో కలిసొస్తేనే దానికి విలువ.

నిచ్చెన నుంచి మోటారు దాకా

వెన్నును లాగడం చాలా పాత ఆలోచన. గ్రీసులో హిప్పోక్రటీస్ పేరుతో ఉన్న వైద్య గ్రంథాల్లో రోగిని నిచ్చెనకు కట్టి కుదిపే పద్ధతి ప్రస్తావన ఉంది. జనం నోరెళ్లబెట్టి చూడాలనే ఉద్దేశంతో కొందరు వైద్యులు దాన్ని వాడుతున్నారని ఆయన అక్కడే చీవాట్లు పెట్టారు కూడా. ఇరవయ్యో శతాబ్దం నడిమిలో ఇంగ్లండ్ డాక్టర్ జేమ్స్ సిరియాక్స్ చొరవతో ఈ లాగుడు, అంటే ట్రాక్షన్, బాగా వాడుకలోకొచ్చింది. మన ఆస్పత్రుల్లో నడుంకు బెల్టు కట్టి, మంచం చివర కప్పీ మీదుగా బరువులు వేలాడదీయడం పెద్దవాళ్లకు ఇప్పటికీ గుర్తుంటుంది.

ఆ వేలాడే బరువు వెన్నుపూసల దాకా చేరేదే కాదు. పడుకున్న మనిషి నడుం కింది సగం పరుపును రాసుకుంటూ ఉంటుంది. ఆ రాపిడిని దాటడానికే ఒంటి బరువులో పావు వంతుకు పైగా బలం కావాలని 1950ల్లోనే లెక్క తేలింది. అరవై కిలోల మనిషికి అది 15 కిలోల పైమాట. మంచం చివర వేలాడే ఐదారు కిలోలు రాపిడికే ఖర్చయిపోతాయి. ఆ రోగులకు నిజంగా జరిగిన చికిత్స కదలకుండా మంచం మీద ఉండడం ఒక్కటే. అన్ని రోజులు మంచం పట్టడం మంచిది కాదని ఇప్పుడు తెలుసు.

రాపిడి సమస్యను తీర్చడానికి బల్లను రెండు ముక్కలు చేశారు. నేటి డికంప్రెషన్ యంత్రానికి మూలం ఇదే. రోగి బల్ల మీద పడుకుంటారు. పక్కటెముకల కింద ఒక బెల్టు, తుంటి ఎముకల మీద ఇంకొకటి బిగిస్తారు. మోకాళ్ల కింద ఎత్తు పెడతారు, దాంతో నడుం ఒంపు తగ్గి పూసల వెనకభాగం కొంచెం తెరుచుకుంటుంది. బల్ల కింది ముక్క చక్రాల మీద జారుతుంది, కాబట్టి రాపిడి లేదు. మోటారు తాడును మెల్లగా లాగుతుంది, కొన్ని సెకన్లు పట్టి ఉంచుతుంది, సగానికి వదులుతుంది, మళ్లీ లాగుతుంది. ఉన్నట్టుండి లాగితే నడుం కండరాలు ఎదురు బిగుసుకుంటాయి. అందుకే కంప్యూటరు బలాన్ని అంచెలంచెలుగా పెంచుతుంది. రోగి చేతిలో ఒక స్విచ్ ఉంటుంది. నొప్పి ఎక్కువైతే నొక్కాలి, యంత్రం ఆగిపోతుంది. ఒక సిట్టింగు సుమారు అరగంట. ఐదారు వారాల్లో ఇరవై, ఇరవై అయిదు సిట్టింగులు.

లాగినప్పుడు లోపల జరిగేది

లాగుతున్నంతసేపూ పూసల మధ్య జాగా కొద్దిగా పెరుగుతుంది. అది నిజం. 1994లో ఇలాంటి బల్ల మీద పడుకోబెట్టిన కొద్దిమంది రోగుల డిస్కులో సూది పెట్టి కొలిస్తే, లాగుడు పెరిగేకొద్దీ లోపలి ఒత్తిడి తగ్గుతూ వచ్చి సున్నా కన్నా కిందికి, 100 మిల్లీమీటర్ల పాదరసం మేర దిగింది. యంత్రాల ప్రచారంలో కనిపించే 'లోపలికి పీల్చుకోవడం' అన్న మాటకు ఆధారం ఈ ప్రయోగమే. నరం చుట్టూ జాగా పెరగడం, బిగుసుకున్న కండరాలు సడలడం వల్ల చాలామందికి బల్ల మీద ఉండగా హాయిగా ఉంటుంది. ఆ హాయి అబద్ధం కాదు.

అసలు చిక్కు బల్ల దిగాక మొదలవుతుంది. లేచి నిలబడగానే డిస్కు మీద చదరపు సెంటీమీటరుకు ఐదు కిలోలు మళ్లీ వచ్చి కూర్చుంటాయి. ఆటో ఎక్కి ఇంటికి వెళ్లేలోపు పెరిగిన జాగా తగ్గిపోతుంది. ఒత్తిడి తీసెయ్యడమే మందయితే, రోజూ రాత్రి ఏడెనిమిది గంటలు మంచం మీద మనకు ఉచితంగా దొరుకుతున్నది అదే.

ఇంకా దూరం వెళ్లి చూద్దాం. భూమ్యాకర్షణ ప్రభావం తెలియని అంతరిక్ష కేంద్రంలో నెలల తరబడి ఉండే వ్యోమగాముల డిస్కులకు బరువే ఉండదు. వాళ్లు ఐదు సెంటీమీటర్ల దాకా పొడుగవుతారు. వాళ్లకు వెన్నునొప్పి పోవాలి కదా? చాలామందికి అక్కడికి వెళ్లిన మొదటి రోజుల్లోనే నడుంనొప్పి వస్తుంది. తిరిగొచ్చిన తర్వాతి ఏడాదిలో డిస్కు చీలే ప్రమాదం మిగతావాళ్ల కంటే బాగా ఎక్కువ. బరువు పడడం, దిగడం, మళ్లీ పడడం, ఈ రాకపోకల మీదే డిస్కు బతుకుతుంది. ఎప్పుడూ బరువు దింపి ఉంచితే అది బలహీనపడుతుంది.

ఒంట్లోని పనివాళ్లు

మరి మెషీన్ మీద తగ్గిన బావగారి మాటేమిటి? ఆయన అబద్ధం చెప్పడం లేదు. నొప్పి తగ్గింది. ఎవరు తగ్గించారన్నదే ప్రశ్న.

బయటికొచ్చిన గుజ్జును శరీరం పరాయి వస్తువులా చూస్తుంది. తెల్ల రక్తకణాలు దాని చుట్టూ చేరి ముక్కముక్కలుగా తినేస్తాయి. విచిత్రం ఏమిటంటే, ఎంత పెద్దగా బయటపడితే అంత బాగా కరుగుతుంది. ఎమ్మారైలు మళ్లీ తీసి పోల్చిన అధ్యయనాల్ని 2015లో కలిపి చూస్తే, వలయం తెగి పూర్తిగా విడిపోయిన ముక్కలు ఆపరేషన్ లేకుండానే 96 శాతం మందిలో తగ్గాయి. చీలికలోంచి బయటికి తోసుకొచ్చినవి 70 శాతం మందిలో, లోపలే ఉండి కొంచెం పొడుచుకొచ్చినవి 41 శాతం మందిలో తగ్గాయి. ఊరికే ఉబ్బి ఉన్నవి 13 శాతం మందిలో మాత్రమే. రిపోర్టులో భయంకరంగా కనిపించేదే తొందరగా కరుగుతుంది.

2007లో నెదర్లాండ్స్‌లో తీవ్రమైన సయాటికా ఉన్న 283 మందిని రెండు వర్గాలు చేసి, ఒక వర్గానికి వెంటనే ఆపరేషన్, రెండో వర్గానికి మందులతో వేచిచూడడం అని నిర్ణయించారు. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు త్వరగా కోలుకున్నారు. ఏడాది తిరిగేసరికి రెండు వర్గాల్లోనూ 95 శాతం మంది బాగయ్యారు. వేచి ఉన్నవాళ్లలో కొందరికి తర్వాత ఆపరేషన్ అవసరమైన మాట నిజమే, చాలామందికి కాలేదు.

ఇప్పుడు డికంప్రెషన్ ప్యాకేజీని ఈ లెక్క పక్కన పెట్టి చూడండి. నొప్పి భరించలేని స్థితికి చేరాకే ఎవరైనా బల్ల ఎక్కుతారు. అక్కణ్నుంచి నొప్పి మామూలుగానే దిగుముఖం పడుతుంది. ఆరు వారాలంటే శరీరం పని మొదలుపెట్టి చాలా దూరం వచ్చే కాలం. పని ఒకరిది, పేరు ఇంకొకరికి పోయే అవకాశం ఇక్కడ బాగా ఎక్కువ.

ఉత్తుత్తి లాగుడుతో పోలిస్తే

యంత్రం పనినీ, ఒంటి పనినీ విడదీయడానికి ఒకే దారి ఉంది. సగం మందిని గట్టిగా లాగాలి, సగం మందిని లాగినట్టు నటించాలి, ఎవరికి ఏది జరిగిందో రోగులకు తెలియకూడదు. నెదర్లాండ్స్‌లోనే 2009లో ఇలాంటి కంప్యూటర్ డికంప్రెషన్ యంత్రంతో ఈ పరీక్ష చేశారు. మూడు నెలలకు పైగా నడుంనొప్పి ఉన్న 60 మందికి ఆరు వారాల్లో 20 సిట్టింగులు. అదే గది, అవే బెల్టులు, అదే యంత్రం. ఒక వర్గాన్ని ఒంటి బరువులో సగానికి మించిన బలంతో లాగారు, రెండో వర్గాన్ని పదో వంతు కంటే తక్కువ బలంతో. రెండు వర్గాలకూ వ్యాయామ శిక్షణ ఒకేలా ఇచ్చారు. 14 వారాల తర్వాత వందకు కొలిచే నొప్పి అంకె మొదటి వర్గంలో 61 నుంచి 32కు తగ్గింది. రెండో వర్గంలో 53 నుంచి 36కు. పరిశోధకులు లెక్క కట్టి చూస్తే రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ఉత్తుత్తి లాగుడు పొందినవాళ్లు కూడా బయటికొచ్చి 'మెషీన్ పనిచేసింది' అనే అనుంటారు.

ఇదొక్కటే అయితే చిన్న అధ్యయనమని పక్కన పెట్టవచ్చు. 2013లో, వైద్య పరీక్షల ఫలితాల్ని కలిపి తూచే కాక్రేన్ సంస్థ 32 పరీక్షల్ని, 2,762 మంది రోగుల వివరాల్ని కలిపి చూసింది. సయాటికా ఉన్నా లేకపోయినా ట్రాక్షన్ వల్ల నొప్పిలో గానీ, పని చేసుకోగలగడంలో గానీ వచ్చే తేడా చాలా తక్కువ, లేదా లేదని తేల్చింది. బ్రిటన్ ప్రభుత్వ మార్గదర్శకాలు 2016లో నడుంనొప్పికి ట్రాక్షన్ ఇవ్వొద్దన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాల నడుంనొప్పి మీద విడుదల చేసిన మార్గదర్శకాలు కూడా దాన్ని మామూలు చికిత్సగా సిఫారసు చేయలేదు. నడుం బెల్టుల గురించీ అదే మాట.

నేననేది ఇది. ఈ యంత్రాన్ని మోసం అనలేం, కొందరికి కాసేపు ఉపశమనం ఇస్తుంది. ఆ కాసేపటి ఉపశమనానికి అప్పు చేసి ప్యాకేజీ కట్టించడం మాత్రం తప్పు. 'డిస్కును లోపలికి పంపుతాం' అని రాసివ్వడం ఇంకా పెద్ద తప్పు.

మెడ సంగతి కొంచెం వేరు

మెడ మోసేది దాదాపు ఐదు కిలోల తలను. కండరాలూ చిన్నవి, కాబట్టి తక్కువ బలంతోనే పూసల మధ్య జాగా పెరుగుతుంది. మెడ నుంచి చేతిలోకి తిమ్మిరి, మంట దిగుతున్న 86 మందితో అమెరికాలో చేసిన ఒక పరీక్ష ఫలితాలు 2014లో వచ్చాయి. వ్యాయామం ఒక్కటే చేసినవాళ్ల కంటే, దానికి యంత్రంతో లాగుడు తోడైనవాళ్లు నెలల తర్వాత కూడా మెరుగ్గా ఉన్నారు. తలుపుకు తగిలించుకుని ఇంట్లో వేసుకునే ట్రాక్షన్‌కు అంత ఫలితం కనిపించలేదు. ఇతర అధ్యయనాలు అటూ ఇటూగా ఉన్నాయి. అయినా చేతిలోకి నొప్పి దిగే మెడ సమస్యకు వ్యాయామానికి తోడుగా కొద్ది వారాలు ప్రయత్నించడంలో అర్థముంది. ఊరికే మెడ పట్టేసినవాళ్లకు ఈ మాట వర్తించదు.

బాక్స్: ఎవరు ఈ బల్ల ఎక్కకూడదు

ఎముకలు గుల్లబారినవాళ్లు, పూస విరిగినవాళ్లు, వెన్నులో గడ్డ లేదా క్షయ లాంటి ఇన్‌ఫెక్షన్ ఉన్నవాళ్లు, గర్భిణులు, వెన్నులో రాడ్లు స్క్రూలు వేయించుకున్నవాళ్లు, పొట్టలోని పెద్ద ధమని ఉబ్బినవాళ్లు దీనికి దూరంగా ఉండాలి. కీళ్లవాతం ఏళ్ల తరబడి ఉన్నవాళ్లలో మెడ పైపూసలు వదులయ్యే ప్రమాదం ఉంది, పరీక్షించకుండా వాళ్ల మెడ లాగడం ప్రాణాల మీదికి తేవచ్చు. లాగుతుండగానే డిస్కు ఇంకా బయటికొచ్చి, అత్యవసరంగా ఆపరేషన్ చేయాల్సి వచ్చిన ఒక కేసును 2003లో మేయో క్లినిక్ డాక్టర్లు వైద్య పత్రికలో నమోదు చేశారు. అరుదే. కానీ స్విచ్ చేతికివ్వకుండా, పక్కన మనిషి లేకుండా లాగే చోట పడుకోవద్దు.

బాక్స్: ఒక్క పూట కూడా ఆగకూడని లక్షణాలు

మూత్రం రావడం ఆగిపోయినా, తెలియకుండా పడిపోతున్నా, మలవిసర్జన మీద పట్టు పోయినా, కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా, రెండు కాళ్లూ నీరసించినా, పాదం ఎత్తలేక చెప్పు జారిపోతున్నా వెంటనే పెద్దాస్పత్రికి వెళ్లాలి. మొదటి నాలుగూ వెన్ను చివరి నరాల కట్ట నలుగుతోందనడానికి గుర్తులు, గంటలు కూడా విలువైనవే. నొప్పితో పాటు జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, గతంలో క్యాన్సర్ ఉండడం కూడా ఉపేక్షించకూడనివి.

మరి ఏం చేయాలి

ఈ లక్షణాలేవీ లేకపోతే, ముందు కావలసింది నొప్పిని భరించగలిగేలా చేసే మందులు, కదలిక, కొన్ని వారాల ఓపిక. నాట్లు వేసే కూలీకైనా, రోజంతా తెర ముందు కూర్చునే ఉద్యోగికైనా సలహా ఇదే. మంచం పట్టకుండా, చేయగలిగిన పనులు చేసుకుంటూ ఉండాలి. నడుం, పొట్ట కండరాలకు బలమిచ్చే వ్యాయామాలు ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుని ఇంట్లో చేయాలి. ఆరు నుంచి పన్నెండు వారాలైనా కాలు లాగేసే నొప్పి తగ్గకపోతే ఆపరేషన్ గురించి సర్జన్‌తో మాట్లాడడం పిరికితనమూ కాదు, తొందరపాటూ కాదు.

నొప్పి తగ్గాక మళ్లీ రాకుండా చూసుకోవడానికి కూడా ఒక మార్గం లెక్కతో సహా దొరికింది. ఆస్ట్రేలియాలో నడుంనొప్పి నుంచి అప్పుడే కోలుకున్న 701 మందిని రెండు వర్గాలు చేసి, ఒక వర్గానికి ఫిజియోథెరపిస్టుల సలహాతో మెల్లమెల్లగా నడక అలవాటు చేశారు. ఆరు నెలల్లో వారానికి ఐదు రోజులు, రోజుకు అరగంట నడవడం గమ్యం. ఆ ఫలితాలు 2024లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. పనులకు అడ్డొచ్చేంత నొప్పి తిరగబెట్టడానికి, నడక అలవాటు చేయని వర్గంలో సగటు మనిషికి 112 రోజులు పట్టింది. నడిచినవాళ్లకు 208 రోజులు.